పాల్దీ: వాంకూవర్ దీవిలో ఒక సామిల్లు ఊరు

పాల్దీ కెనడా పశ్చిమ తీరంలోని చిన్న ఊరు. బ్రిటిష్ కొలంబియా ప్రావిన్సులో, వాంకూవర్ దీవి దక్షిణ భాగాన, కవిచన్ లోయలో ఉంది. డంకన్ పట్టణం నుంచి పడమరగా లేక్ కవిచన్ వైపు వెళ్లే దారిలో, కొండ వాలున, చెట్ల మధ్య కనిపిస్తుంది. 1916, 1917 ప్రాంతంలో పంజాబ్ నుంచి వచ్చిన మేయో సింగ్, అతని భాగస్వాములు ఇక్కడ సామిల్లు పెట్టారు. ఆ మిల్లు చుట్టూ పంజాబీలు, జపనీయులు, చైనీయులు, కొందరు తెల్లవాళ్లు కలిసి ఒక ఊరు కట్టుకున్నారు. ఇప్పుడు అక్కడ ఒక గురుద్వారా, వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్ని ఇళ్లు మాత్రం మిగిలాయి. కెనడాలో భారతీయులు తమ చేతులతో కట్టి, తమ స్వగ్రామం పేరు పెట్టుకున్న ఊరు కాబట్టి, దాని చరిత్రకు పరిమాణాన్ని మించిన విలువ ఉంది.

హోదా లేని ఊరు

పాల్దీకి సొంత పురపాలక సంఘం లేదు, మేయరు లేడు, పన్ను వేసే కార్యాలయం లేదు. కెనడాలో ఇలాంటి ఊళ్లు వేలల్లో ఉన్నాయి. బ్రిటిష్ కొలంబియా విస్తీర్ణంలో పురపాలక సంఘాల పరిధిలోకి వచ్చే భూమి చాలా స్వల్పం, మిగతాదంతా వాటి బయటే. ఈ బయటి ప్రాంతాల కోసమే 1965లో చట్టం చేసి ప్రాంతీయ జిల్లాలు ఏర్పరచారు. కవిచన్ వ్యాలీ ప్రాంతీయ జిల్లా 1967లో వచ్చింది. డంకన్, నార్త్ కవిచన్, లేడీస్మిత్, లేక్ కవిచన్ అనే నాలుగు పురపాలక సంఘాలతో పాటు, తొమ్మిది ఎలక్టొరల్ ఏరియాలు దాని కిందికి వస్తాయి. ఒక్కో ఏరియా నుంచి జనం ఒక డైరెక్టరును ఎన్నుకుంటారు. పాల్దీలాంటి ఊరి మాట జిల్లా బోర్డులో వినిపించేది ఆయన గొంతులోనే.

మన దగ్గరి పద్ధతితో పోల్చితే ఇది రెవెన్యూ గ్రామం పక్కన ఉండే శివారు పల్లెలాంటిది. పేరుంటుంది, మనుషులుంటారు, గుడి ఉంటుంది, కానీ పంచాయతీ వేరే ఊళ్లో ఉంటుంది. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం 500 జనాభా దాటిన తండాలను, గూడేలను సొంత పంచాయతీలుగా మార్చినప్పుడు ఎన్నో తండాలవాళ్లు పండగ చేసుకున్నారు. సొంత పంచాయతీ వస్తే సొంత లెక్క, సొంత పద్దు వస్తాయి. పాల్దీకి ఆ ఘడియ రాలేదు. నిండుగా జనం ఉన్న రోజుల్లో అది ఒక కంపెనీ ఊరు. ఇళ్లు, నీళ్లు, దీపాలు, కొట్టు అన్నీ మిల్లు చూసుకునేది. మిల్లు పోయేసరికి పాలకవర్గం పెట్టుకునేంత జనమే లేకపోయారు. పక్కనే ఉన్న డంకన్ 1912లోనే నగర హోదా తెచ్చుకుంది. విస్తీర్ణం రెండు చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ, జనం 5 వేలు. కెనడాలో అతి చిన్న నగరమని దానికి పేరు. కాగితం మీద నగరమైన ఆ ఊరికీ, కాగితమే లేని పాల్దీకీ మధ్య దూరం కొద్ది కిలోమీటర్లు.

నేల ఎవరిది

మిల్లు రాకముందు ఈ లోయ కవిచన్ ఆదివాసులది. వాళ్లు తమను క్వువుట్సన్ ప్రజలమంటారు. విక్టోరియా, నానైమో చుట్టుపట్ల కొన్ని తెగలతో 1850లలో ఒప్పందాలు జరిగాయి గానీ కవిచన్ లోయ వరకు అవి రాలేదు. ఏ ఒప్పందమూ లేకుండానే 1880లలో ఎస్క్విమాల్ట్–నానైమో రైలు మార్గం వేసినందుకు ప్రతిఫలంగా దాదాపు 20 లక్షల ఎకరాల దీవి భూమిని డన్స్‌మ్యూర్ అనే బొగ్గు వ్యాపారి కంపెనీకి ఇచ్చేశారు. అడవి అలా ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది. తరువాత దాన్ని ముక్కలుగా కలప కంపెనీలకు అమ్మారు. పంజాబీలు కొనుక్కున్న అడవికి వెనక ఈ కథ ఉంది. పాల్దీ గురించి రాసేవాళ్లు చాలామంది 1916 నుంచి మొదలుపెట్టి దీన్ని వదిలేస్తారు. అది సరి కాదు.

డగ్లస్ ఫర్, ఎర్ర దేవదారు చెట్లు అప్పట్లో ఇక్కడ వందల ఏళ్ల వయసువి. ఇద్దరు ముగ్గురు చేతులు కలిపినా అందని మానులు. లోయలోకి రైలు మార్గం రావటంతో ఆ దుంగలను, కోసిన చెక్కను బయటికి చేరవేసే వీలు కలిగింది. పట్టాల పక్కన ఒక సైడింగు వేసి, అక్కడ మిల్లు నిలబెట్టారు. అందుకే ఊరి మొదటి పేరు మేయో సైడింగు.

మేయో సింగ్

మేయో సింగ్ 1888లో పంజాబ్‌లోని హోషియార్‌పూర్ జిల్లా పాల్దీ గ్రామంలో పుట్టాడు. ఇరవై ఏళ్లు నిండకముందే, 1906లో కెనడా చేరాడు. 1904 నుంచి 1908 వరకు అక్కడికి వెళ్లిన భారతీయులు 5 వేలకు పైగానే. ఎక్కువమంది దోఆబా ప్రాంతపు రైతుబిడ్డలు, కొందరు సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లు. ఆ రోజుల్లోనే మన కోస్తా జిల్లాల నుంచి జనం రంగం ఓడలెక్కి బర్మా బియ్యపు మిల్లుల్లో, రేవుల్లో కూలికి పోయేవారు. దూరాలు వేరు, కారణాలు చాలావరకు ఒకటే: చిన్న కమతాలు, అప్పులు, పట్నంలో పని ఉందన్న కబురు.

మేయో సింగ్ ముందు మిల్లుల్లో కూలి చేశాడు. తరువాత కొందరు పంజాబీలు డబ్బు పోగుచేసి, ఫ్రేజర్ లోయలో రోజ్‌డేల్ అనే చోట దెబ్బతిన్న ఒక మిల్లును తీసుకుని నడిపారు. అక్కడ చేయి తిరిగాక వాంకూవర్ దీవికి మారి మేయో లంబర్ కంపెనీ పెట్టారు. అది బ్యాంకులు భారతీయులకు సులువుగా అప్పివ్వని కాలం. మూలధనం మేస్త్రీల, కూలీల జీతాల నుంచి, వాటాల రూపంలో వచ్చింది. కపూర్ సింగ్ సిద్ధూ ఈ కంపెనీలో ముఖ్య భాగస్వామి. చదువుకున్నవాడు, లెక్కలు, ఉత్తర ప్రత్యుత్తరాలు చూసేవాడు. 1930ల మధ్యలో ఇద్దరూ వేరుపడ్డారు. కపూర్ సింగ్ కుమార్తెలు ఇద్దరూ వైద్యులై, పంజాబ్‌లో ఔర్ అనే గ్రామంలో ఆసుపత్రి నడిపారు. మేయో సింగ్ కూడా కెనడాలోని ఆసుపత్రులకూ, స్వగ్రామానికీ ధారాళంగా విరాళాలిచ్చి, 1955లో కన్నుమూశాడు.

ఇక్కడొక చిన్న మాట. మన వలస చరిత్రల్లో సంపన్నుడి పేరే మిగులుతుంది. ఆ మిల్లులో రంపం ముందు నిలబడి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు, పచ్చి చెక్కను గొలుసు మీద నుంచి లాగి వరస పేర్చినవాళ్లు, వంటశాలలో నలభై యాభై మందికి రొట్టెలు కాల్చినవాళ్లు లేకపోతే ఊరే లేదు. సామిల్లులో పనిచేసినవాడికి ఆ గొలుసు పని ఎంత బరువో తెలుసు. పాల్దీ వాళ్లందరిదీ.

పేరు మారిన సంగతి

ఊరు పెరిగి తపాలా కార్యాలయం వచ్చాక చిక్కొచ్చింది. కెనడా ఉత్తరాన, యూకాన్‌లో మేయో అనే ఊరు అప్పటికే ఉంది. ఇక్కడికి రావలసిన ఉత్తరాలు మంచు దేశానికి పోయేవి. దాంతో 1936లో ఈ ఊరికి మేయో సింగ్ పుట్టిన ఊరి పేరు, పాల్దీ అని పెట్టారు.

ఒక తపాలా ఇబ్బందితో వచ్చిన మార్పే అయినా అది సామాన్యమైనది కాదు. వలసవెళ్లిన మనుషులు కొత్త నేల మీద సొంత ఊళ్లు కట్టుకోవటం మనకు కొత్త కాదు. తుంగభద్ర ఆయకట్టు కింద రాయచూరు, బళ్లారి, కొప్పళ ప్రాంతాల్లో మన రైతులు కట్టుకున్న ఊళ్లు ఇప్పటికీ కాంపులే. నిజామాబాదు వైపు గుంటూరు నుంచి వచ్చినవాళ్ల పల్లెలున్నాయి. కానీ వాళ్లెవరికీ సొంత దేశంలో ఓటు లేకుండా పోలేదు. 1936లో పాల్దీ పౌరుడు ఆ ఊరి పేరు రాసిన కవరు అందుకోగలడు, ఆ ప్రావిన్సు ఎన్నికల్లో ఓటు మాత్రం వేయలేడు. 1907లోనే బ్రిటిష్ కొలంబియా భారతీయుల ఓటు తీసేసింది. ఓటరు జాబితాలో పేరు లేకపోతే న్యాయవాదిగా, ఔషధాల దుకాణదారుగా పనిచేసే వీలు కూడా లేదు. ఆ ఓటు 1947లో గానీ తిరిగి రాలేదు.

మూడు చట్టాలు, మూడు రకాల ఇళ్లు

పాల్దీ జనాభాను అర్థం చేసుకోవాలంటే అడవి కన్నా ముందు వలస చట్టాలు చూడాలి. ఆ ఊళ్లో ఎవరి ఇంట్లో పిల్లలున్నారు, ఎవరు ఒంటరిగా ఉన్నారు అన్నది ఎవరి ఇష్టం మీదా ఆధారపడలేదు.

చైనీయుల మీద 1903 నుంచి తలకు 500 డాలర్ల పన్ను. ఒక కూలివాడు ఏళ్ల తరబడి కూడబెడితే గానీ అంత సొమ్ము చేరదు, భార్యకూ అంతే కట్టాలి. 1923 జూలై 1న ఆ పన్ను తీసేసి, చైనీయుల రాకనే దాదాపు పూర్తిగా మూసేశారు. 1947 దాకా అలాగే నడిచింది. అందువల్ల మిల్లు ఊళ్లలోని చైనీయులు ఎక్కువగా భార్యాబిడ్డలు లేని మగవాళ్లు, ముసలివాళ్లయ్యాక కూడా బంక్‌హౌసుల్లోనే బతికినవాళ్లు.

జపాన్‌తో 1908లో ఒక ఒప్పందం జరిగింది. ఏడాదికి 400 మంది కూలీలకు పరిమితి పెట్టారు గానీ, భార్యలు రావటానికి 1928 దాకా అడ్డు చెప్పలేదు. ఫొటోలు చూసి పెళ్లి కుదుర్చుకుని ఓడలో వచ్చిన వధువులు జపనీయ కాపురాలను నిలబెట్టారు. అందుకే పాల్దీలోనూ తొలినాళ్లలోనే జపనీయ కుటుంబాలు స్థిరపడ్డాయి. వాళ్లకు సొంత హాలు, సొంత భాషలో చదువు ఉండేవి.

భారతీయుల కోసం వేరే తాళం వేశారు. 1908లో, పుట్టిన దేశం నుంచి మధ్యలో ఎక్కడా ఆగకుండా వస్తేనే లోపలికి రానిస్తామన్నారు. కలకత్తా నుంచి వాంకూవర్‌కు నేరుగా ఓడలే లేవు. 1914 మే నెలలో కొమగతమారు ఓడ 376 మందితో వచ్చి వాంకూవర్ రేవులో రెండు నెలలు ఆగి, తిరిగి వెళ్లిపోవలసి వచ్చింది. తిరిగి వచ్చాక కలకత్తా సమీపంలోని బజ్‌బజ్ దగ్గర పోలీసుల కాల్పుల్లో కొందరు చనిపోయారు. ఆ అవమానంలోంచే, బ్రిటిష్ పాలనకు ఎదురు తిరిగిన గదర్ ఉద్యమం ఊపందుకుంది. కాలిఫోర్నియాలో చదువుకుంటున్న తెలుగువాడు దరిశి చెంచయ్య గదర్ పార్టీలో చేరి, తరువాత జైలుకు వెళ్లాడు. కెనడాలో భారతీయుల సంఖ్య 1911 జనగణనలో 2,342. 1921 నాటికి 1,016కి పడిపోయింది. కొందరు అమెరికాకు దాటారు, కొందరు ఇంటికి వెళ్లారు. 1919లో భార్యలు, చిన్న పిల్లలు రావచ్చన్న నిబంధన వచ్చింది. అది అమల్లోకి రావటానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. పాల్దీలో పంజాబీ ఆడవాళ్లు కాపురానికి రావటం 1920లలో మొదలైంది.

ఇలా ఒకే మిల్లు చుట్టూ మూడు తీరుల జీవితాలు నడిచాయి. 1,016 మంది మాత్రమే భారతీయులున్న దేశంలో, పాల్దీలాంటి ఊళ్లో వాళ్లకు సొంత ఇల్లు, సొంత గుడి, సొంత యజమాని ఉండటం ఎంత అరుదో ఆ అంకెను చూస్తేనే తెలుస్తుంది. తరువాతి జనగణనల్లో ఎదుగుదల కూడా నత్తనడకే: 1931లో 1,400, 1941లో 1,465.

గురుద్వారా, బడి

గురుద్వారా 1919లో పూర్తయింది. మిల్లు కలపతోనే, మిల్లువాళ్ల చేతులతోనే కట్టారు. తరువాత పునర్నిర్మించారు, ఇప్పుడున్న భవనం 1959 నాటిది. అప్పటి కెనడాలో చాలా గురుద్వారాలు మిల్లుల నీడలోనే లేచాయి. ఆబట్స్‌ఫర్డ్‌లో 1911లో కట్టిన గురుద్వారా నేడు కెనడా జాతీయ చారిత్రక స్థలం. మిల్లులు మూతపడ్డాక చాలాచోట్ల ఆలయాలూ పోయాయి. పాల్దీలోది నిలిచింది.

ఆ ఆలయంలో లంగరు, అంటే అందరికీ పెట్టే ఉమ్మడి భోజనం, తినటానికి సిక్కు కానక్కరలేదు. జపనీయులూ చైనీయులూ పండగలకు వచ్చి కూర్చునేవారు. బడిలో అందరి పిల్లలూ ఒకే బల్లల మీద చదివారు. పక్క పట్టణాల్లో భారతీయుల పిల్లలను సినిమా హాల్లో, ఈతకొలనులో వేరుగా చూసే కాలంలో ఈ ఊరి పిల్లలు ఒకరి ఇంట్లో ఒకరు తిని పెరిగారు. జోన్ మేయో 1997లో వెలువరించిన పాల్దీ రిమెంబర్డ్ అనే పుస్తకం ఆ ఊరి జ్ఞాపకాలను ఒకచోట చేర్చింది. ఊరికి సొంత పురపాలక దస్త్రాలు లేవు కాబట్టి, చరిత్రకారులు ఇలాంటి పుస్తకం మీద, గురుద్వారా మీద, కుటుంబాల ఫొటో ఆల్బముల మీద ఆధారపడక తప్పదు.

అయితే ఊళ్లో అందరూ సమానులే అనుకోవటం తప్పు. యజమాని యజమానే, కూలి కూలే. 1930ల చివర, 1940లలో అమెరికా, కెనడా కలప కార్మికుల సంఘం లేక్ కవిచన్ చుట్టుపక్కల గట్టిగా వేళ్లూనుకుంది. పంజాబీ కార్మికులను కూడగట్టటానికి దర్శన్ సింగ్ సంఘా, చైనీయులను కూడగట్టటానికి రాయ్ మా తిరిగారు. 1946లో బ్రిటిష్ కొలంబియా కలప కార్మికుల పెద్ద సమ్మె జీతాలనూ పని గంటలనూ మార్చింది. జాతిని బట్టి కూలి తక్కువిచ్చే అలవాటు మిల్లుల్లో బలహీనపడటానికి ఆ సంఘమే కారణం.

1942

1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగింది. తరువాతి కొద్ది నెలల్లో తీరం నుంచి 100 మైళ్లలోపు ఉన్న జపాన్ వంశీకులందరినీ, కెనడాలో పుట్టినవాళ్లతో సహా, లేవదీశారు. మొత్తం దాదాపు 22 వేల మంది. వాంకూవర్‌లోని హేస్టింగ్స్ పార్కులో పశువుల కొట్టాల్లో ఉంచి, ఆ తరువాత లోపలి కొండల్లోని స్లోకన్, న్యూ డెన్వర్, తాష్మే శిబిరాలకు పంపారు. వాళ్ల పడవలు, పొలాలు, ఇళ్లు ప్రభుత్వం అమ్మేసింది.

పాల్దీలో ఒక్కసారిగా ఒక వాడ ఖాళీ అయింది. బడిలో ఒక వరస బల్లలు ఖాళీ అయ్యాయి. మిల్లులో చేయి తిరిగిన పనివాళ్లు లేకుండా పోయారు. అదే సంవత్సరం, అదే యుద్ధంలో, రంగం నుంచి మన తెలుగువాళ్లు పిల్లలను భుజాన వేసుకుని కాలినడకన అడవులు దాటి వచ్చారు. చాలామంది దారిలోనే పోయారు. అక్కడ జపాన్ సైన్యానికి భయపడి పరుగెత్తినవాళ్లు, ఇక్కడ జపాన్ పేరు ఉన్నందుకే వెళ్లగొట్టబడినవాళ్లు. ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూడటం అవసరం అనిపిస్తుంది.

కెనడా జపనీయులకు తీరానికి తిరిగి రావటానికి 1949 ఏప్రిల్ 1 దాకా అనుమతి దొరకలేదు. అప్పటికి వెనక్కి వచ్చి చూడటానికి చాలామందికి ఇల్లు లేదు. 1988 సెప్టెంబరు 22న కెనడా ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్కరికీ 21 వేల డాలర్లు ఇచ్చింది. పాల్దీ మాత్రం మూడు జాతులు కలిసున్న ఊరిగా మళ్లీ లేవలేదు.

జనం ఎలా తగ్గారు

ఊరు నిండుగా ఉన్న రోజుల్లో జనం 1,500 వరకు ఉండేవారని సాధారణంగా చెబుతారు. అది మిల్లు చుట్టుపక్కల పని శిబిరాలను కలుపుకున్న లెక్కగానే చూడాలి. మిల్లు ఊరి జనాభా గడియారంలాంటిది కాదు, సంతలాంటిది. ఆర్డర్లుంటే నిండుతుంది, ధర పడితే పలచబడుతుంది.

తగ్గటానికి కారణాలు అనేకం. చుట్టూ ఉన్న పెద్ద చెట్లు నరకటం పూర్తయింది. కొత్త రోడ్లు, లారీలు వచ్చాక మిల్లు దగ్గరే నివసించాల్సిన అవసరం పోయింది. దుంగలను లోతట్టు నుంచి తీరపు పెద్ద మిల్లులకు చేరవేయటం తేలికయింది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఓటు హక్కు, పౌరసత్వం వచ్చాక పాల్దీ పిల్లలు చదువుకుని డంకన్, విక్టోరియా, వాంకూవర్‌లకు తరలిపోయారు. ఇక్కడొక విషాదం, ఒక ఊరట రెండూ ఉన్నాయి. తలుపులు మూసి ఉన్న కాలంలో పంజాబీలను ఒకచోట ఉంచినది వివక్షే. తలుపులు తెరుచుకోగానే ఊరు ఖాళీ అవటం మొదలైంది.

1951లో భారత్ నుంచి ఏడాదికి 150 మందికి కోటా ఇచ్చారు. 1967లో చదువు, నైపుణ్యం ఆధారంగా మార్కులు వేసే పద్ధతి వచ్చింది. కొత్తగా వచ్చిన భారతీయులు సర్రే, వాంకూవర్, టొరంటో వైపు వెళ్లారు. ఈ రోజు కెనడాలో ఉన్న లక్షల మంది భారతీయుల్లో, వేలాది తెలుగువాళ్లలో పాల్దీ పేరు విన్నవాళ్లు కొద్దిమంది.

ఇలా ఊళ్లు ఆరిపోవటం కెనడాలో ఒక పాల్దీకే జరగలేదు. న్యూఫౌండ్లాండ్‌లో 1954 నుంచి 1975 వరకు ప్రభుత్వమే దాదాపు 300 చేపల రేవు పల్లెలను ఎత్తేసి, సుమారు 30 వేల మందిని పెద్ద ఊళ్లకు మార్చింది. అక్కడ జనం ఇళ్లనే పడవల మీద లాగి కొత్త చోటికి తెచ్చుకున్నారు. పాల్దీలో ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు, మిల్లు చప్పుడు ఆగింది అంతే.

ఇప్పటి పాల్దీ

జనాభా లెక్కల్లో పురపాలక సంఘాలు, ఎలక్టొరల్ ఏరియాలు ఒక్కొక్కటి ఒక యూనిట్. అందువల్ల పాల్దీలో ఇవాళ నివసించేవాళ్లు కవిచన్ వ్యాలీ జిల్లా ఏరియా లెక్కలో కలిసిపోతారు. పాత రైలు పట్టాలు తీసేశారు. అదే దారి ఇప్పుడు ట్రాన్స్ కెనడా ట్రెయిల్‌లో భాగం, నడిచేవాళ్లూ సైకిళ్లవాళ్లూ లేక్ కవిచన్ నుంచి డంకన్ వైపు వస్తూ పాల్దీ మీదుగా వెళతారు. నరికిన చోట్ల రెండో తరం ఫర్ చెట్లు పెరిగి కొండలు మళ్లీ పచ్చబడ్డాయి.

బ్రిటిష్ కొలంబియా దక్షిణాసియా చారిత్రక స్థలాల్లో పాల్దీ గురుద్వారాకు చోటిచ్చింది. 2019లో దానికి నూరేళ్లు నిండాయి. జూలై మొదటి వారాంతంలో జరిగే జోడ్ మేళా పాత మిల్లు ఊరి పండగ. అటు కబడ్డీ, ఇటు కీర్తనలు, మధ్యలో లంగరు. జూలై 1 కెనడా జాతీయ దినం కావటం వల్ల పాత రోజుల్లో సెలవుతో పాటే పండగ కలిసొచ్చేది. ఇప్పుడు ఆ రోజుకి విక్టోరియా, వాంకూవర్, సర్రే నుంచి కార్లలో వచ్చేవాళ్లు ఊళ్లో ఉండేవాళ్లకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఊళ్లో పుట్టినవాళ్ల మనవలు, మునిమనవలు గుడి మెట్ల దగ్గర చెప్పులు విడిచి, మిల్లు ఎక్కడ ఉండేదో ముసలివాళ్లను అడిగి తెలుసుకుంటారు.